మా బాపు, సాగర్ గొంతు

మా బాపు యెషయా టీవీలో కనబడడం మొదలై పంతొమ్మిదేళ్లయింది. ధర్మపురిలో ఆయన్ని టీవీలో ఒక్కసారి కూడా చూడని మనిషి, నాకు తెలిసి, ఒక్కతే ఉంది. ఆమె నన్ను కన్న మా అవ్వ సమ్మక్క.

కోపముండి కాదు. అవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్క తంబాకు, ఇంకో పక్క దారం ఉండ. ఆకులో తంబాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేదాకా కన్ను చేతి మీదే ఉండాలి. కన్ను పక్కకు పోయిందంటే బీడీ వదులవుతుంది. వదులైనదాన్ని కార్ఖానాలో నాగయ్య ఏరి వాపస్ చేస్తాడు. కట్టలు విప్పి మంచిచెడు చూసుకునే పని ఆయనది. అవ్వ చేసిన బీడీ ఇప్పటిదాకా ఒక్కటి కూడా వాపస్ రాలేదు. ఈ సంగతి ఆమె ఏ పెళ్లికి పోయినా, ఏ చావుకు పోయినా ఎలాగోలా మాటల్లోకి తెస్తుంది. మొగుడు యాక్టరన్న సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే చెబుతుంది.

కాబట్టి మా ఇంట్లో టీవీ చూసేది కాదు, వినేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడలోని ఆడవాళ్లు నలుగురైదుగురు చాటలు పట్టుకుని మా అరుగు మీదికి చేరతారు. టీవీని ఈడ్చి తలుపు కడప దగ్గర పెట్టి, అరుగు చివరిదాకా వినబడేలా సౌండు పెడతారు. తల ఎత్తేవాళ్లుండరు, చూడాలనుకున్నవాళ్లు రాత్రి తమ ఇళ్లలో చూసుకుంటారు. అయినా కథ మొత్తం తెలుస్తుంది. పక్కింటి ఖుర్షీద్ ఖాలా అయితే గాజుల చప్పుడును బట్టి వచ్చింది అత్తనో, ఆడబిడ్డనో చెప్పేస్తుంది. చెంపదెబ్బ పడితే ఎవరు ఎవరిని కొట్టారన్నది చర్చించి తేల్చుకుంటారు. చాలాసార్లు వాళ్లు తేల్చిందే కథ రాసినవాళ్ల కథకన్నా బాగుంటుంది.

చిక్కంతా బాపు గొంతుతో వచ్చింది.

బాపు మొదట వేషం కట్టింది మా మెథడిస్టు చర్చి క్రిస్మస్ నాటకంలో. పసివాళ్లను చంపించిన హేరోదు రాజు భటుడు. పిల్లలు జడుసుకున్నారని మరుసటేడు గొర్రెల కాపరిని చేశారు. తరువాత అక్షరాస్యత కళాజాతాల్లో ఊరూరా తిరిగాడు. మైకు లేకుండా మూడు వాడలకు వినిపించేవాడు. కంకర మీద ఎడ్లబండి పోయినట్టుంటుంది ఆ గొంతు. దాన్ని నమ్ముకునే హైదరాబాద్ పోయాడు. అక్కడ సీరియల్ మేనేజరు ఆయన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, పేదరికానికి ఇంత చక్కగా సరిపోయే ముఖం తాను చూడలేదని మెచ్చుకున్నాడట. తరువాత బాపు నోరు తెరిచాడు. ముఖం ఉంచుదాం, గొంతు మారుద్దాం అన్నారు.

అప్పటినుంచి బాపుకు డబ్బింగ్ చెప్పేది సాగర్. గుంటూరు వైపు మనిషి. మంచివాడే, నాకు నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు చీర పంపించాడు. ఆయన గొంతు నేతిలో వేయించి తీసినట్టుంటుంది. బతుకులో ఎవరినీ బాబూ అని పిలవని మా బాపు, తెర మీద దొర కాళ్ల మీద పడి "బాబూ, నా బిడ్డ జీవితం మీ చేతుల్లో ఉంది బాబూ" అని ఏడుస్తుంటే, ఆ బిడ్డ నేనే అయినట్టు నాకు సిగ్గేసేది.

ఇంకో రహస్యం చెప్పాలి. సీరియల్లో మాటల కాగితం సమయానికి రాదు. ఏదో ఒకటి మాట్లాడండి, పెదాలు కదిలితే చాలు, మిగతాది సాగర్ చూసుకుంటాడు అనేవారు. బాపు పదమూడో ఎక్కం ఎంచుకున్నాడు. అందులో అన్ని భావాలూ పలుకుతాయని ఆయన నమ్మకం. కూతుర్ని అత్తారింటికి పంపుతూ కళ్లనిండా నీళ్లతో పదమూడొకట్ల పదమూడు. లారీ గుద్ది చచ్చిపోతూ, హీరో ఒళ్లో తల పెట్టుకుని, ఊపిరి ఆగిపోతుంటే పదమూడు తొమ్మిదుల నూట పదిహేడు. మీరు ఎప్పుడైనా ఏ సీరియల్లోనైనా ముసలి డ్రైవరు చావు చూసి ఏడ్చి ఉంటే, మీరు ఏడ్చింది పదమూడో ఎక్కానికి కావచ్చు.

ఇదంతా ఊళ్లో గొప్పగానే చెలామణీ అయింది, మా అరుగు మీద తప్ప. మొదటిసారి బాపు వచ్చే సీరియల్ పెట్టి, చూడు, చూడు అని అవ్వ భుజం తట్టాను. ఆమె తల ఎత్తలేదు. చెవొగ్గి విన్నది. విని, ఇది మీ బాపు కాదని తేల్చేసింది. బాపు వచ్చాక ఆయనతో నేరుగానే అన్నది.

"మనిషి నువ్వే గావచ్చు. గని మాట నీది గాదు. నేనింటున్నది మాట. గట్లైతే నువ్వు యాడున్నట్టు?"

ఖుర్షీద్ ఖాలా ఊరుకోక, హైదరాబాద్‌లో నిజంగా ఏం పని చేస్తున్నావో చెప్పు యెషయన్నా, మేం ఎవరికీ చెప్పం అన్నది. పంతొమ్మిదేళ్లుగా ఆ అరుగు మీద ఇదే పరాచికం. బాపు నవ్వేవాడు. నవ్వి బయటికి పోయి చాయ్ తాగి వచ్చేవాడు.

అసలు ముల్లు ఇది కాదు. అవ్వకు సాగర్ గొంతంటే ఇష్టం. గత మూడేళ్లుగా రాత్రి ఏడున్నర సీరియల్లో బాపు పెద్దింటి డ్రైవరు. మధ్యాహ్నం అది మళ్లీ వేస్తారు. ఆ గొంతు మొదలవగానే అవ్వ, "ఆగుండ్రి. జర సప్పుడు పెంచుండ్రి" అనేది. అప్పటిదాకా సాగుతున్న ముచ్చట్లన్నీ ఆగిపోవాలి. ఆ గొంతు పోయాకే మళ్లీ మాట్లాడుకోవచ్చు. షూటింగు లేని రోజుల్లో బాపు ఇంట్లోనే ఉండి ఇది చూసేవాడు. పెళ్లాం తన గొంతుకు ఒక్కసారైనా అంత మర్యాద ఇవ్వలేదు కదా అన్న బాధ ముఖంలో స్పష్టంగా కనబడేది. పేదరికానికి సరిపోయే ముఖం కదా, దాచడం రాదు.

ఒకరోజు పొద్దున స్నానాల గదిలోంచి ఎవరో పెద్దమనిషి "అమ్మగారూ, కారు సిద్ధంగా ఉందండీ" అనడం విని, చుట్టం వచ్చాడనుకుని నేను కొంగు సర్దుకున్నాను. తలుపు తెరుచుకుని బాపు వచ్చాడు. మెడలో తువ్వాల, చేతిలో ఉప్పునీళ్ల చెంబు. ఏమీ ఎరగనట్టు నన్ను దాటుకుని పోయాడు. ఆ తరువాత తెలిసింది, కొన్ని నెలలుగా ఇదే సాధన అని. నేను అవ్వకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అంతలో సాద్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ అబ్బాయి, మొదటి సినిమా తీస్తున్నాడు. కథ మంచిర్యాల బొగ్గుగని కార్మికులది. వేరే షూటింగులో అన్నాల దగ్గర బాపు వడ్డించే మనిషితో పప్పు పలచగా ఉందని కొట్లాడుతుంటే విన్నాడట. ఆ గొంతు కావాలన్నాడు. డబ్బింగ్ ఉండదు, అక్కడ మాట్లాడిందే మైకు పట్టుకుంటుంది, అదే జనం వింటారు అని చెప్పాడు.

బాపు ఫోన్ పెట్టేశాడు. తరువాత నన్ను పక్కకు పిలిచాడు.

"పంతొమ్మిదేండ్ల సంది ఈ పని చేస్తున్న బిడ్డా. మీ అవ్వ చెవుల ఒక్కపారి పడాలె. అంతే. ఇంకేం వద్దు నాకు."

షూటింగు రోజు నేను జగిత్యాల ఆసుపత్రిలో సెలవు పెట్టి ఆయన వెంట పోయాను. రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట మీదుగా మంచిర్యాల చేరేదాకా బాపు నోరు తెరవలేదు. గొంతు పాడవుతుందని నోట్లో తేనె పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు టికెట్ అడిగితే వేళ్లతో రెండు చూపించాడు. మూగవాడనుకుని కండక్టరు జాలిగా చూశాడు.

సీను చిన్నదే. గనిలో పని చేసి రిటైరైన ముసలాయన పెళ్లాంతో కొట్లాడి ఇల్లు వదిలిపోయాడు. ఆరేళ్లకు తిరిగి వచ్చి క్వార్టరు తలుపు కొడతాడు. లోపలినుంచి ఆమె "ఎవలు?" అంటుంది. ఆయన "నేనే. తలుపు తియ్యి" అంటాడు. గొంతు విని ఆమె గుర్తుపట్టాలి. ఆ గుర్తుపట్టడం మీదే సినిమా అంతా ఆగి ఉందని సాద్ చెప్పాడు. ముందూ వెనకా రెండు పేజీల మాటలున్నాయి గానీ ప్రాణం ఈ రెండు ముక్కలే.

బాపు తలుపు కొట్టాడు. లోపలినుంచి నటి "ఎవలు?" అన్నది. బాపు ఛాతీ విరిచి, గడ్డం కిందికి లాగి, నిదానంగా పలికాడు. "నేనే. తలుపు తియ్యి."

ముక్కలు అవే. గొంతు సాగర్‌ది. అచ్చంగా సాగర్‌ది, నెయ్యితో సహా. చెవులకు పెట్టుకున్నవి తీసేసి సౌండు అబ్బాయి చుట్టూ చూశాడు. మాట్లాడింది ఎవరా అని సాద్ కూడా చూశాడు. బాపు మాత్రం మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మళ్లీ తీశారు. మళ్లీ సాగర్. నెలల తరబడి ఉప్పునీళ్లతో కడిగి కూర్చోబెట్టిన గొంతు లేవమంటే లేస్తుందా. నాలుగోసారి కంగారులో పదమూడొకట్ల దాకా వచ్చి నాలుక కరుచుకున్నాడు. ఏడోసారి తరువాత సాద్ దగ్గరికి వచ్చి, పెద్దాయన కదా అని మెల్లగానే అన్నాడు.

"సార్, ఆరోజు పప్పు కోసం కొట్లాడిన మనిషి కావాలె నాకు. ఈయన ఎవరో నాకు తెల్వదు."

అన్నాలయ్యాక ఇంకోసారి చూద్దామన్నాడు. వెనకనుంచి సహాయకుడెవరో, అప్పటికీ కుదరకపోతే డబ్బింగ్ చెప్పిద్దాంలే అన్నాడు. ఆ మాట బాపు చెవిన పడింది. డబ్బింగ్ అంటే మొదటి ఫోన్ ఎవరికి పోతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

క్వార్టరు మెట్టు మీద కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. నాకు జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఉన్న గొంతు అడిగి పిలిస్తే లేని గొంతు ఎందుకు మోసుకొచ్చావని అడిగాను. చెప్పాడు.

"మీ అవ్వకు గా సాగర్ గొంతంటెనే ఇష్టం బిడ్డా. నా గొంతుతోటి తలుపు తియ్యిమంటే ఎవలు తీస్తరు?"

అవ్వకు ఫోన్ కలిపి, ఆయనకు కూడా వినబడేలా మెట్టు మీద పెట్టాను. అటువైపు కత్తెర చప్పుడు. జరిగింది మొత్తం చెప్పాను, స్నానాల గది సాధనతో సహా. వెనక ఖుర్షీద్ ఖాలా నవ్వు వినబడింది. అవ్వ నవ్వలేదు. కత్తెర ఆగింది.

"గాయిన గొంతు నాకెందుకు ఇష్టమో ఎర్కేనా దీపిక బాపూ? నేను తల ఎత్తేది లేదు. గా గొంతొస్తే నువ్వు తెర మీదికి వచ్చినవని నాకు తెలుస్తది. నువ్వున్నంతసేపు ఎవలు మాట్లాడద్దని సప్పుడు పెంచుమంట. లేకుంటే గాయినతోటి నాకేం పని?"

బాపు ఫోన్ దగ్గరికి జరిగాడు. అవ్వే మళ్లీ అన్నది.

"నువ్వు పట్నంకెల్లి వచ్చి మన తలుపు ఎట్ల కొడ్తవో గట్లనే కొట్టు. ఇగ పెట్టుండ్రి, ఆకు ఎండిపోతాంది."

ఫోన్ పెట్టేసింది. బాపు అన్నం తెమ్మన్నాడు. తిన్నాడు. పప్పు పలచగా ఉందని కూడా అన్నాడు. అది విని సౌండు అబ్బాయి సాద్ వైపు చూసి తలూపాడు.

ఈసారి బాపు తలుపు కొట్టింది రెండే దెబ్బలు, అరచేత్తో. ఇంట్లో కొట్టేది అలాగే. లోపలినుంచి "ఎవలు?" అని వచ్చింది. బాపు ఛాతీ విరవలేదు. ఆరేడు గంటలు బస్సుల్లో పడి వచ్చి, ఇంకెవరు వస్తారు ఈ ఇంటికి అన్నట్టు కొంచెం చిరాకుగా, కొంచెం బతిమాలినట్టుగా అన్నాడు.

"నేనే. తలుపు తియ్యి."

లోపల నటి తన తరువాతి మాట మరిచిపోయింది. సాద్ ఆపమని అనలేదు. నేను కళ్లు తుడుచుకున్నాను, ఆసుపత్రిలో ఎన్ని చూసినా రాని నీళ్లు అప్పుడు వచ్చాయి.

సినిమా అయిదు నెలలకు వచ్చింది, థియేటర్లో కాదు, ఫోన్లలో. నేను ఫోన్‌ను టీవీకి కలిపి పెట్టాను. అరుగు మీద ఎప్పటిలాగే చాటలు. బాపు మాత్రం పొద్దున్నుంచీ ఇల్లంతా తిరిగి, సినిమా మొదలయ్యే వేళకు గోదావరి ఒడ్డున చాయ్ హోటల్లో పనుందని జారుకున్నాడు. చాయ్ హోటల్లో ఏం పని ఉంటుంది ఎవరికైనా.

సీను వచ్చింది. రెండు దెబ్బలు. ఎవలు? నేనే. తలుపు తియ్యి.

"దీపికా, మీ బాపొచ్చిండు. తలుపు తియ్యిపో," అన్నది ఖుర్షీద్ ఖాలా, చుడుతున్న బీడీ మీంచి కన్ను తీయకుండానే.

తలుపు బార్లా తెరిచే ఉంది. కడప మీద టీవీ ఉంది. ఒక క్షణం తరువాత సంగతి అర్థమై ఖాలా తల ఎత్తింది. ఆమెను చూసి మిగతావాళ్లూ ఎత్తారు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ అరుగు మీద ఆడవాళ్లు టీవీ చూశారు. అరే, యెషయన్ననే, ముసలోడైపోయిండు అంటూ ఒకటే గోల.

అవ్వ తల ఎత్తలేదు. ఆమె వేళ్లు ఆగలేదు. ఆకు, చుట్టు, మడత, దారం. ఆకు, చుట్టు, మడత, దారం. సీను అయిపోయింది, ఆమె ముఖంలో నాకు ఏమీ దొరకలేదు. ఇంత చేసి, ఇంత విని, ఒక్కసారి చూస్తే ఏం పోయిందని నాకు ఒళ్లు మండింది.

బాపు వచ్చాడు. అందరూ చుట్టుముట్టి మెచ్చుకున్నారు. ఆయన కళ్లు అవ్వ మీదే ఉన్నాయి. అందరూ పోయాక, చాట దులుపుతున్న ఆమెను అడిగాడు, ఎట్లుంది అని. మంచిగనే ఉంది, నువ్వు తిన్నవా అని ఆమె లోపలికి పోయింది. బాపు అరుగు మీదే కూర్చున్నాడు. ఇంతేనా అని ఆయన అనలేదు గానీ, నేను ఆయన తరఫున వంద సార్లు అనుకున్నాను.

మరునాడు కట్టలిచ్చి రావడానికి బాపు కార్ఖానాకు బయలుదేరితే నా బండి మీద తీసుకుపోయాను. నాగయ్య సినిమా గురించి నాలుగు మంచి మాటలు చెబుతూనే అవ్వ ముందురోజు చేసిన కట్ట విప్పాడు. విప్పి మాట ఆపాడు. ఒక బీడీ తీసి వేళ్ల మధ్య ఒత్తాడు. ఇంకోటి తీశాడు. అలా తొమ్మిది తీసి పక్కన పెట్టాడు.

"సమ్మక్క చేసినయేనా ఇవి?"

బాపు వంగి చూశాడు. నేనూ చూశాను. చుట్టు చక్కగా ఉంది. మూతి మడత కుదురుగా ఉంది. దారం ఎక్కడ పడాలో అక్కడే పడింది. లోపల తంబాకు లేదు. తొమ్మిదింటిలోనూ చిటికెడు పొడి కూడా లేదు. ఉత్త ఆకు.

"ఏమైంది ఆమెకు? పాణం మంచిగ లేదా?" అన్నాడు నాగయ్య.

బాపు ఆ తొమ్మిదీ అరచేతిలోకి తీసుకున్నాడు. నలగకుండా, ఒక్కొక్కటిగా అంగీ జేబులో పెట్టుకున్నాడు. మా బాపుకు బీడీ అలవాటు లేదు.

"పాణం మంచిగనే ఉంది నాగయ్యా. వీటి మాట ఎవలకు చెప్పకు."

దారి పొడుగునా ఆయన జేబు మీద చెయ్యి తీయలేదు. ఇంటికి వచ్చేసరికి అవ్వ అరుగు మీద ఆకు తడుపుతోంది. తల ఎత్తకుండానే, ఎప్పుడూ అడిగేదే అడిగింది, ఏమన్నా వాపస్ వచ్చినయా అని. ఎప్పటిలాగే అడిగింది గానీ, జవాబు కోసం ఆమె చెయ్యి ఆగింది.

"నీయి ఎప్పుడన్న వచ్చినయా," అన్నాడు బాపు. "ఒక్కటి గూడ రాలే."